మైనం మీద రాత

పాత ఎడిసన్ ఫోనోగ్రాఫ్‌కి తోడుగా రెండు చిన్న బిళ్లలు ఉంటాయి. రెండూ అరచేతిలో ఇమిడిపోతాయి. రెండిట్లోనూ ఒక పలుచని పొర, దాని మధ్య నుంచి కిందికి దిగే చిన్న ముల్లు. పక్కపక్కన పెడితే కవలల్లా కనిపిస్తాయి. తేడా అంతా ముల్లు కొసలోనే. ఒకదాని కొస ఉలి అంచులా పదును. రెండోదాని కొస చిన్న పూసలా గుండ్రం, నున్నన. మొదటిది రాస్తుంది, రెండోది చదువుతుంది. మొదటిదాని పేరు రికార్డర్, రెండోదాని పేరు రిప్రొడ్యూసర్. రెండిటికీ కొస నీలం రాయిదే.

ఈ రెండు బిళ్లలు తెలిస్తే ఆ యంత్రం సగం తెలిసినట్టే. గ్రామఫోన్ మనకు పాట వినిపించింది, అంతే. మన పాట రాసుకోనివ్వలేదు. ఫోనోగ్రాఫ్ అలా కాదు. కొన్నవాడి చేతికి పుస్తకంతో పాటు కలం కూడా ఇచ్చింది. కరెంటు లేదు, మైకు లేదు, తీగ లేదు. ఒక స్ప్రింగు, ఒక బాకా, ఒక మైనపు గొట్టం. వీటితో ఇంట్లో కూర్చుని గొంతును ఎలా రాసేవారో, ఇవాళ కూడా ఎలా రాయవచ్చో ఈ అధ్యాయంలో చూద్దాం.

మసి, రేకు, మైనం

ధ్వనిని రాయడం మొదట కంటి కోసం జరిగింది. 1857లో పారిస్‌లో ఎడ్వార్ లియోన్ స్కాట్ ద మార్టిన్‌విల్ ఒక పరికరానికి పేటెంటు తీసుకున్నాడు. బాకాలోకి మాట్లాడితే పొర కదిలి, దానికి అతికించిన వెంట్రుక మసి పట్టించిన కాగితం మీద వంకర గీత గీసేది. ఆ గీతను చూడవచ్చు గానీ వినడానికి వీలు లేదు. మసి మీద గీతకు లోతు ఉండదు. ముల్లు పట్టుకుని నడవడానికి దారి ఉండదు. మన తాళపత్రాల్లో పని వేరుగా జరుగుతుంది. ఘంటం ముందు ఆకులో గాడి తవ్వుతుంది, తర్వాత ఆ గాడిలోకి మసి పూస్తారు. ధ్వనికి కూడా కావలసింది ఆ గాడే.

ఆ గాడిని 1877లో అమెరికాలోని మెన్లో పార్క్‌లో థామస్ ఎడిసన్ చేశాడు. ఆయన గీసిన నమూనా ప్రకారం జాన్ క్రూసీ ఇత్తడి సిలిండర్ యంత్రం కట్టాడు. దాని చుట్టూ తగరపు రేకు చుట్టి, చేత్తో తిప్పుతూ, పిల్లలందరికీ నోటికి వచ్చిన ఒక గొర్రెపిల్ల పద్యం ఎడిసన్ అందులోకి చెప్పాడు. రేకు మీద ముల్లు నొక్కులు నొక్కింది. మళ్లీ తిప్పితే మాట తిరిగి వచ్చింది. కానీ రేకు నొక్కులు కొద్దిసార్లకే చదునైపోయేవి. రేకు విప్పితే మళ్లీ సరిగ్గా చుట్టడం దాదాపు అసాధ్యం.

ఆ తర్వాతి అడుగు వాషింగ్టన్‌లోని వోల్టా ప్రయోగశాలలో పడింది. అలెగ్జాండర్ గ్రాహం బెల్ పెట్టిన ఆ ప్రయోగశాలలో చిచెస్టర్ బెల్, చార్లెస్ సమ్నర్ టెయింటర్ నొక్కడం మానేసి చెక్కడం మొదలుపెట్టారు. అట్ట గొట్టానికి మైనం పూసి, అందులో సన్నని గాడి కోసే పద్ధతికి 1886లో పేటెంటు వచ్చింది. 1888లో ఎడిసన్ అట్ట కూడా తీసేసి మొత్తం మైనంతోనే గొట్టం పోశాడు. దానితో ఒక గొప్ప సౌకర్యం వచ్చింది. రాసింది వద్దనుకుంటే పైపొరను చిత్రిక పట్టి, నున్నగా చేసి, మళ్లీ రాయవచ్చు. బడిపిల్లవాడి పలకలాగే.

మైనం కాదు, సబ్బు

అందరూ మైనపు సిలిండర్ అంటారు గానీ, ఆ గోధుమరంగు గొట్టం తేనెమైనం కన్నా సబ్బుకే దగ్గరి చుట్టం. కొవ్వు నుంచి తీసిన స్టియరిక్ ఆమ్లాన్ని కాస్టిక్ సోడాతో కలిపి వేడిచేస్తే సోడియం స్టియరేట్ తయారవుతుంది. సబ్బులో ఉండేదీ అదే. ఉత్త సబ్బయితే గాలిలో తేమ పీల్చుకుని మెత్తబడుతుంది. అందుకని కాస్టిక్ సోడాలో కొంచెం అల్యూమినియం కరిగించి కలుపుతారు. అల్యూమినియం సబ్బు నీటికి లొంగదు, ముద్దకు గట్టిదనం ఇస్తుంది. చివరగా సెరెసిన్ అనే ఖనిజ మైనం కొద్దిగా చేర్చితే పెళుసుదనం తగ్గుతుంది.

ఇంత తతంగం దేనికంటే, తేనెమైనం కత్తికి అంటుకుని సాగుతుంది. సాగే పదార్థంలో సన్నని అల నిలవదు. ముల్లు దాటిపోగానే గాడి అంచులు కూడుకుంటాయి. ఈ లోహపు సబ్బు మాత్రం ముల్లు కింద తెగిపోతుంది, తెగిన చోట నున్నగా నిలుస్తుంది. రాతకు కావలసిన గుణం అదే.

పాత యంత్రాలను బాగుచేసుకుని వాడే ఔత్సాహికులు కొందరు ఈనాటికీ ఇలాంటి ఖాళీ సిలిండర్లు పోస్తున్నారు. కానీ వంటింట్లో చేసే పని కాదిది. అల్యూమినియం కాస్టిక్ సోడాలో కరిగేటప్పుడు మండే గుణమున్న హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. మరిగే నీటికన్నా చాలా ఎక్కువ వేడి మీద ఉన్న ముద్ద పాలలా పొంగుతుంది. చర్మం మీద పడితే నిప్పూ, క్షారమూ రెండూ కాలుస్తాయి. కొత్తగా మొదలుపెట్టేవారు తయారైన ఖాళీ సిలిండర్ కొనుక్కోవడమే మంచిది.

బాకా ముందు నిలబడి

ఎడిసన్ కంపెనీ 1896లో తెచ్చిన స్ప్రింగు యంత్రానికి హోమ్ అని పేరు పెట్టింది. అలాంటి యంత్రం ఒకటి మన ముందు ఉందనుకుందాం.

సిలిండర్‌ని పైనుంచి పట్టుకోకూడదు. రెండు వేళ్లు లోపలికి పెట్టి, విడదీసి, లోపలి గోడలకు ఆనించి ఎత్తాలి. వేలి జిడ్డు పైన పడితే అక్కడ రాత చెడుతుంది. యంత్రపు ఇరుసు ఒకవైపు సన్నగా, ఇంకోవైపు లావుగా ఉంటుంది; సిలిండర్ లోపలి బోలు కూడా అంతే. మెల్లగా నెడితే బిగుసుకుంటుంది. బలంగా నెడితే పగులుతుంది. చలిగా ఉన్న మైనం పెళుసుగా తెగి గరగర ఎక్కువ చేస్తుంది. అందుకే రాసేముందు సిలిండర్‌ని వెచ్చని గదిలో కొంతసేపు ఉంచుతారు. వేడి మెల్లగా ఎక్కాలి, మెల్లగా దిగాలి.

కీ పూర్తిగా ఇచ్చి, పదును ముల్లున్న బిళ్లను బిగించి, బాకా తగిలించి, బిళ్లను మైనం మీదికి దించుతాం. సిలిండర్ తిరుగుతుంది. పొడవాటి మర ఒకటి బిళ్లను ఎడమ నుంచి కుడికి నడిపిస్తుంది. ప్రామాణికమైన రెండు నిమిషాల సిలిండర్‌పై అంగుళానికి 100 గాళ్లు, అంటే మిల్లీమీటరుకు దాదాపు 4. సిలిండర్ వ్యాసం సుమారు 5.5 సెంటీమీటర్లు, వేగం నిమిషానికి 160 చుట్లు. లెక్క కడితే ముల్లు కింద మైనం సెకనుకు 46 సెంటీమీటర్లు పరుగెత్తుతుంది. రెండు నిమిషాల పాటకు ముల్లు నడిచే దారి 55 మీటర్ల పైమాటే. ఆ దారి అంతా ఇంచుమించు అరచేతి పొడవున్న గొట్టం మీద చుట్టుకుని ఉంటుంది.

మామూలుగా మాట్లాడేటప్పుడు మన గొంతు నుంచి వెలువడే ధ్వనిశక్తి మైక్రోవాట్ల లెక్కలో ఉంటుంది. అంత బలహీనమైన ఊపిరి గట్టి సబ్బును ఎలా కోస్తుంది? అసలు విషయం ఏమిటంటే, గాడి తవ్వేది గొంతు కాదు. మనం కీ ఇచ్చినప్పుడు స్ప్రింగులోకి చేరిన మన చేతి బలమే సిలిండర్‌ని తిప్పి గాడి కోస్తుంది. మనం నోరు మెదపకపోయినా గాడి పడుతూనే ఉంటుంది, ఒకే లోతున. గొంతు చేసేదల్లా ఆ లోతును మిల్లీమీటరులో వందో వంతు స్థాయిలో అటూ ఇటూ మార్చడం. నాగలిని ఎద్దులు లాగుతాయి. మేడి మీద చెయ్యి వేసి లోతు పట్టేది రైతు. ఇక్కడ స్ప్రింగు ఎద్దు, గొంతు రైతు చెయ్యి.

ఆ చేతికి బలం చేకూర్చేది బాకా. వెడల్పాటి మూతిలో దొరికిన గాలి ఒత్తిడిని సన్నని మెడలోకి కూర్చి పొర మీద పెడుతుంది. అయితే ప్రతి బాకాకూ తనకంటూ ఇష్టమైన స్వరాలుంటాయి. ఆ స్వరం తగలగానే మోగిపోతుంది, ముల్లు ఎగిరిపడి గాడి చెడిపోతుంది. అందుకని గట్టి స్వరం వచ్చేటప్పుడు పాడేవాళ్లు మొహం వెనక్కి తీసుకునేవారు, మంద్రానికి దిగినప్పుడు బాకా దగ్గరికి జరిగేవారు. మంచి గొంతుకు తోడు, బాకాతో ఇలా ముందుకూ వెనక్కూ ఆడటం తెలిసినవారే మంచి రికార్డు చేయగలిగేవారు. వయొలిన్ గొంతు బాకాకు చాలడం లేదని అగస్టస్ స్ట్రో అనే ఆయన 1899లో చెక్క డొల్ల తీసేసి, పొరా బాకా అమర్చిన వయొలిన్‌కి పేటెంటు తీసుకున్నాడు.

మాట్లాడుతుంటే ముల్లు వెనక మైనం సన్నని దారంలా లేస్తుంది. అది తెగకుండా వస్తే ముల్లు పదును, మైనం వెచ్చదనం రెండూ సరిపోయినట్టు. పొడిలా రాలితే ఏదో ఒకటి కుదరలేదన్నమాట. ఆ తుక్కును మెత్తని కుంచెతో తీసేసి, పదును బిళ్ల విప్పి, గుండు ముల్లున్న బిళ్ల బిగిస్తాం. మన మాట మనకే వినిపిస్తుంది.

స ఎక్కడికి పోయింది?

మొదటిసారి వినగానే తోచేది ఒకటే: ఎవరో గోడ అవతలి నుంచి మాట్లాడుతున్నారని. ఈ పద్ధతిలో బాగా పడే ధ్వనులు సెకనుకు సుమారు 250 నుంచి 2,500 కంపనాల మధ్యవే. అంతకన్నా మంద్రాన్ని చిన్న బాకా మోయలేదు. అంతకన్నా తారాన్ని పొర బరువు, ముల్లు బరువు కదలనివ్వవు. 2,000 కంపనాల ధ్వనికి మైనం మీద ఒక్కో అల పొడవు పావు మిల్లీమీటరు కన్నా తక్కువ. చదివే ముల్లు గుండు అంతకంటే సన్నని పల్లాల్లోకి దిగలేదు.

దీని ఫలితం మన అక్షరాల మీద ఎలా ఉంటుందో చూడండి. స అన్నప్పుడు పళ్ల మధ్య నుంచి వచ్చే బుస శక్తి ఎక్కువగా 4,000 కంపనాల పైనే ఉంటుంది. అంటే ఈ యంత్రం దృష్టిలో స అనే హల్లు దాదాపు లేనట్టే. శ, ష బుసలు కొంచెం కింద మొదలవుతాయి కాబట్టి వాటి నీడ పడుతుంది. ఈ, ఊ అచ్చులకు నోటిలో పుట్టే మొదటి అనునాదం ఇంచుమించు ఒకటే, 300 దగ్గర. వాటిని వేరు చేసేది రెండోది: ఊ కి 800 దగ్గర, ఈ కి 2,300 దగ్గర. ఆ పై భాగం మసకబారితే ఈ కాస్తా ఊ వైపు ఒరుగుతుంది. అ, ఆ లకు ఆ బాధ లేదు; వాటి మొదటి రెండు అనునాదాలూ యంత్రం పట్టులోనే ఉంటాయి. 1878లోనే ఎడిన్‌బరోలో ఫ్లెమింగ్ జెంకిన్, జేమ్స్ ఆల్ఫ్రెడ్ యూయింగ్ తగరపు రేకు ఫోనోగ్రాఫ్‌తో అచ్చుల అలలను కొలిచి చూశారు. మాటల శాస్త్రానికి ఈ యంత్రం అంత తొందరగా పరికరమైంది.

పోయేవి ఇన్ని ఉన్నా చెక్కుచెదరనిది ఒకటుంది, అది కాలం. దీర్ఘం దీర్ఘంగానే, హ్రస్వం హ్రస్వంగానే పడతాయి. ద్విత్వం దగ్గర ఆగే ఆ రెప్పపాటూ పడుతుంది. అంటే పద్యంలో గురులఘువుల నడక, గొంతు ఎక్కిదిగే తీరు మైనంలో భద్రంగా ఉంటాయి. అందుకే మొదటి ప్రయత్నానికి అందరికీ నోటికి వచ్చిన పద్యం ఎంచుకోవాలి. నడక చెవిన పడగానే వినేవాడి మనసు పోయిన స లన్నిటినీ తెచ్చి అతికిస్తుంది. ఎడిసన్ పిల్లల పద్యం చెప్పినప్పుడూ విన్నవారికి ఈ సాయం అందింది. అదే మైనం మీద ముక్కూమొహం తెలియని ఊళ్ల పేర్లూ, అంకెలూ చెప్పి చూడండి. సగం అర్థం కావు.

శ్రుతి ముందు, పాట తర్వాత

రాసినప్పటి వేగం, చదివేటప్పటి వేగం ఒకటి కాకపోతే పాట శ్రుతి మారుతుంది. 160 చుట్ల దగ్గర రాసిన సిలిండర్‌ని 170 చుట్ల దగ్గర వినిపిస్తే అంతా ఇంచుమించు ఒక స్వరస్థానం పైకి జరుగుతుంది. షడ్జమం ఉన్న చోట శుద్ధ రిషభం వినిపిస్తుంది. తొలినాళ్లలో అందరూ ఒకే వేగం పాటించలేదు కూడా. నూరేళ్ల తర్వాత సిలిండర్ చేతికి వస్తే అసలు వేగం ఎంతో ఎలా తెలుస్తుంది?

1900లో బెర్లిన్‌లో కార్ల్ స్టుంఫ్ మొదలుపెట్టిన ధ్వని భాండాగారం దీనికి చక్కని ఉపాయం పాటించింది. పాటకు ముందు ఒక చిన్న శ్రుతి ఈల ఊది, ఆ స్వరాన్ని కూడా మైనంలో రాయాలి. దాని కంపనాల సంఖ్య ముందే తెలుసు. కాబట్టి వినేటప్పుడు ఆ స్వరం సరిగ్గా పలికేదాకా వేగం సవరిస్తే చాలు, పాట కూడా సరైన శ్రుతికి వస్తుంది. కచేరీకి ముందు శ్రుతి పెట్టుకోవడం మనకు మర్యాద. ఇక్కడ అది కొలబద్ద కూడా.

వేగం మారడం శాపమే కాదు. హంగేరీ సంగీతకారుడు బేలా బార్టోక్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పల్లెల్లో ఫోనోగ్రాఫ్ మోసుకు తిరిగి రైతుల పాటలు రాశాడు. ఇంటికి వచ్చి సిలిండర్‌ని నెమ్మదిగా తిప్పి వింటూ, మామూలు వేగంలో చెవికి చిక్కని చిన్న చిన్న కదలికలను స్వరాల్లో పెట్టాడు. గమకాన్ని సాగదీసి చూపే భూతద్దం అది.

ఇంటివాళ్ల గొంతులు

1878లోనే ఎడిసన్ తన యంత్రం దేనికి పనికొస్తుందో ఒక పత్రికలో జాబితా రాశాడు. ఉత్తరాలు చెప్పి రాయించడం, చూపు లేనివారికి పుస్తకాలు వినిపించడం, సంగీతం. వాటితో పాటు ఇంటిల్లిపాది మాటలను, జ్ఞాపకాలను, చివరి పలుకులను వారి సొంత గొంతులో దాచుకోవడం కూడా.

అది నిజమైంది. 1889 డిసెంబరు 2న ఎడిసన్ ప్రతినిధి థియో వాంగెమాన్ వియన్నాలో ఫెల్లింగర్ కుటుంబం ఇంట్లో యంత్రం పెట్టాడు. ఆ ఇంటి పియానో మీద యోహాన్నెస్ బ్రామ్స్ వాయించాడు. అంత గొప్ప సంగీతకర్త వాయింపు ఇవాళ గరగరల వెనక మసక నీడలా వినిపిస్తుందంటే, ఆ సిలిండర్ అంతగా అరిగిపోవడం వల్లే. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో గ్రంథపాలకుడు లయనెల్ మేపుల్‌సన్ సొంత ఎడిసన్ యంత్రంతో 1901 నుంచి 1903 దాకా, ఎక్కువగా రంగస్థలం పైనున్న నడవాలో పెద్ద బాకా పెట్టి, కింద జరుగుతున్న ప్రదర్శనలను తునకలు తునకలుగా పట్టాడు. ఒక ప్రేక్షకశాలలో నిజంగా మోగిన పాట, చప్పట్లతో సహా, అంత తొలి రోజుల్లో అలా దొరకడం చాలా అరుదు. ఆయన యంత్రం ఇంటికి వెళ్లినప్పుడు కుటుంబం పండుగల మాటలు కూడా రాసుకుంది. మన దేశంలో కలకత్తాలో హేమేంద్ర మోహన్ బోస్ సిలిండర్ల మీద రవీంద్రనాథ్ టాగోర్ గొంతు రాశాడు.

మరి ఈ పని ఎందుకు ఆగిపోయింది? ఎమిల్ బెర్లినర్ గ్రామఫోన్ పళ్లెం అచ్చు గుద్దడానికి, పేర్చి పెట్టుకోవడానికి అనువుగా ఉంది. ఒక అచ్చు నుంచి వేల పళ్లేలు వచ్చేవి. వినేవారికి లాభం కలిగింది, రాసుకునేవారికి చోటు పోయింది. ఆఫీసుల్లో డిక్టాఫోన్ పేరుతో మైనపు సిలిండర్లు ఇంకొన్ని దశాబ్దాలు బతికాయి. ఉత్తరం టైపు కాగానే చిత్రిక పట్టేవారు. ఎడిసన్ కంపెనీ 1929లో సిలిండర్ల తయారీ ఆపేసింది.

చిత్రిక పట్టేముందు

మైనం మీద రాతకు శత్రువులు ముగ్గురు. మొదటిది వినడమే. నున్నని ముల్లయినా నడిచిన ప్రతిసారీ అల శిఖరాన్ని కొంచెం రుద్దుతుంది. రెండోది బూజు. కొవ్వు ఆమ్లాలున్న ఈ సబ్బు దానికి ఆహారం. తేమ ఉన్న చోట తెల్లని మచ్చలుగా పాకి గాళ్లనే తినేస్తుంది; కోస్తా ఊళ్లలో ఎవరి దగ్గరైనా పాత సిలిండర్ ఉంటే పొడిగా ఉంచడమే మొదటి జాగ్రత్త.

తాకకుండా చదివే దారి ఇప్పుడు దొరికింది. అమెరికాలో లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలలో కార్ల్ హేబర్, విటాలీ ఫదేయెవ్ గాడి రూపాన్ని కాంతితో కొలిచి, ఆ కొలతల నుంచి కంప్యూటర్‌లో ధ్వనిని తిరిగి కట్టే పద్ధతి రూపొందించారు. పగిలిన సిలిండర్లు కూడా ఇలా పలుకుతున్నాయి. స్కాట్ 1860లో గీసిన మసి గీత ఒకటి 2008లో కంప్యూటర్ ద్వారా పాటగా వినిపించింది. కంటి కోసం రాసింది నూట నలభై ఎనిమిదేళ్ల తర్వాత చెవిని చేరింది.

మూడో శత్రువు మన చేతిలోనే ఉంది, అదే చిత్రిక కత్తి. పాత పెట్టెల్లో దొరికే గోధుమరంగు సిలిండర్లు చాలావాటిపై పేరుండదు. దూరం నుంచి చూస్తే ఖాళీవాటిలా నున్నగా ఉంటాయి. కొత్త పాట రాయాలన్న ఉత్సాహంలో కత్తి పెడితే, ఒక్క నిమిషంలో ఎవరి ఇంటిదో పుట్టినరోజు, ఎవరిదో ముసలి గొంతు తుక్కుగా రాలిపోతుంది. దానికి నకలు ఉండదు. కంపెనీ రికార్డు ఇంకో ఇంట్లో దొరుకుతుంది. ఇంటివాళ్ల రికార్డు ప్రపంచంలో ఒక్కటే.

కనుక సిలిండర్ చేతికి రాగానే దీపం దగ్గర ఏటవాలుగా పట్టి చూడాలి. ఏమీ రాయని గొట్టం అంతటా ఒకేలా మెరుస్తుంది. రాసిన గొట్టం మీద మాట ఉన్నచోట మెరుపు చెదురుతుంది, మౌనం ఉన్నచోట కుదురుగా ఉంటుంది. ఆ చెదురు కనిపిస్తే కత్తి పక్కన పెట్టి, ధ్వని భాండాగారానికి కబురు చేయాలి. కనిపించకపోతే, శ్రుతి ఈల ఊది, తేదీ చెప్పి, మీ పేరూ ఊరూ చెప్పి, అప్పుడు పద్యం మొదలుపెట్టండి. రేపు ఇంకెవరో ఈ సిలిండర్‌ని దీపం దగ్గర పట్టుకుని చూస్తారు.